ఆఖర్న చదివిన ఫైలు

అరుణజ్యోతి డేటాబేస్ సర్వర్‌లో కనెక్షన్ల పరిమితి మళ్లీ పెంచింది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ పాత అంకే. కువైట్‌లోని ఆ మిర్కాబ్ ఆఫీసులో ఫోన్లన్నీ మోగుతూనే ఉన్నాయి.

"ఏందన్నా ఇది, ఎన్నిసార్లు మార్చినా పట్టదు?"

సీనియర్ గంగాధర్ కుర్చీ జరుపుకొని చూశాడు. "నువ్వు మెయిన్ ఫైల్లో మారుస్తాండావు. పక్క ఫోల్డర్లో ఇంకో ఆరుండాయి. సర్వర్ అన్నీ వరసగా చదివి, ఆఖర్న చదివిందే ఖాయం చేసుకుంటాది."

"ఇన్ని ఎవరు పెట్టినారు?"

"నీకు ముందు పనిచేసినోళ్లు. తలా ఒకటి."

ఆమెకు ఒళ్లు మండింది. "పోయేటప్పుడు అన్నీ ఒకదాంట్లో కలిపి, ఫలానా చోట ఉందని ఒక మాట చెప్పి పోతే వాళ్ల సొమ్మేం పోయింది?"

పంతంగా ఆ ఫైళ్లన్నీ ఒకే ఫైల్లోకి కలపడం మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి గంగాధర్ వాళ్లకు వీసాలిచ్చిన యజమాని, కఫీల్‌తో ఫోన్ మాట్లాడి వచ్చి, ఆమె మొహం చూడకుండా చెప్పాడు.

"అరుణా, కఫీల్ నీ ఇఖామా రెన్యూ చేయడంట. ఇంక ఈ దేశంలో ఉండేదానికి పర్మిట్ లేనట్టే. ఈ పొద్దే లాప్‌టాప్ ఇచ్చేయమన్నాడు."

"పని సగంలో ఉందన్నా. రెండు రోజులియ్యమని అడుగు."

గంగాధర్ ఆమె స్క్రీన్ వైపు చూశాడు.

"వాళ్లూ ఇదే అడగమన్నారమ్మా. ఆరుగురికీ అడిగినా."