చివరి గుక్క నీళ్ళు

దగ్గరికి జరిగి కూర్చోండర్రా.

ఎండలకు ఒక మడుగు చిక్కిపోయి, మబ్బుల నీడలు మోస్తూ జోగుతోంది. ఏనుగు నీళ్ళు తాగుతుంటే ఒడ్డు మీది కొంగ చెప్పింది: "మామా, ఇందులో వంద గుక్కలుంటే తొంభైతొమ్మిది నువ్వే తాగుతున్నావు. వెయ్యి ప్రాణాలకు మిగిలేది ఒక్కటే."

"అయ్యో, గుండె తరుక్కుపోయే లెక్క చెప్పావే. ఏదీ, ఇంకోసారి చెప్పు," అంది ఏనుగు. కొంగ చెప్పినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తొండం ముంచింది.

అడుగున బురద కనిపించింది. తొండం కొస దగ్గర ఒక తోకకప్ప పలికింది: "మామా, ఆ మిగిలిన గుక్కలో ఉన్నది మేమే. మెల్లగా పీల్చు, చెల్లి నిద్రపోతోంది."

తొండం అక్కడే ఆగిపోయింది. ఏనుగు చప్పుడు కాకుండా వెనుదిరిగి, దూరమని ఇన్నాళ్ళూ మానేసిన ఏటి దారి పట్టింది.

ఇక ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి. పక్క కంచంలో ఎంతుందో చూసి మరీ తినండి.