అద్దం దించమ్మా

ఆ మనిషి మళ్లీ కనిపించాడు.

స్కూలు గేటు దగ్గర సుప్రజ తన కూతురు లిఖితను కారెక్కిస్తుంటే, మోపెడ్ పక్కన పెట్టి, వంగి నంబరు ప్లేటు చదువుతున్నాడు.

నిన్న అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని "గీ కారు ఎవలది? పిల్లను ఏ యాళ్లకు తీస్కొస్తరు?" అని అడిగింది ఇతనే. వాచ్‌మన్ తరిమేస్తుంటే ఆమె బాల్కనీలోంచి చూసింది.

భర్త నాగసాయికి చెబితే నవ్వేశాడు. "పోయిన్నెల కొన్న సెకండ్‌హ్యాండ్ కారుకి బాడీగార్డు ఊరికే వచ్చాడన్నమాట!"

ఇప్పుడా మనిషి పరుగున వచ్చి కిటికీ మీద కొట్టాడు. మాసిన చొక్కా, ఎర్రబడ్డ కళ్లు.

"అద్దం దించమ్మా! ఒక్క మాట!"

"ఎవరమ్మా ఆయన?" లిఖిత సీట్లో ముడుచుకుపోయింది.

సుప్రజ అద్దం దించలేదు. తలుపులు లాక్ చేసి కారు ముందుకి దూకించింది.

ఇంటికెళ్లే శామీర్‌పేట రోడ్డెక్కినా వెనక మోపెడ్ వస్తూనే ఉంది. ఒంటి చేత్తో నడుపుతూ, రెండో చెయ్యి ఊపుతున్నాడు, ఆపమని.

ఆమె ఇంకా వేగం పెంచింది.

చెరువు దాటాక మలుపు. స్టీరింగ్ తిప్పింది.

తిరగలేదు. రాయిలా బిగుసుకుపోయింది.

బలమంతా పెట్టి బ్రేకు తొక్కింది. కారు రోడ్డు దిగి, తుప్పల్లోకి దూసుకెళ్లి, గొయ్యి అంచున ఆగింది. లిఖిత ఏడుపు వినిపించాకే ఆమెకి ఊపిరాడింది. ఇద్దరికీ దెబ్బల్లేవు.

మోపెడ్ పడేసి అతను ఉరికొచ్చాడు. తలుపు పట్టుకుని లాగుతున్నాడు.

"పాప మంచిగుందా అమ్మా? దిగుర్రి, ముందు దిగుర్రి!"

"బాబోయ్, పట్టుకోండి! పిల్లని ఎత్తుకుపోడానికి తిరుగుతున్నాడు!" సుప్రజ కేకలు పెట్టింది.

బస్టాపులో జనం పరుగెత్తుకొచ్చారు. "ఎవడ్రా నువ్వు? పోరిని ఎత్కపోతవా?"

"నా మాట ఇనుర్రి అన్నా, గా కార్ల..."

మాట పూర్తి కాకుండానే మొదటి దెబ్బ పడింది. తర్వాత ఎవరు కొడుతున్నారో కూడా తెలీలేదు. చివరికి నెత్తురోడుతున్న మనిషిని ఆటోలో కుక్కి స్టేషన్‌కి తీసుకుపోయారు.

ఫోన్ చేస్తే సుచిత్ర సెంటర్ నుంచి కార్ల ఎలక్ట్రీషియన్ రాఘవేందర్ వచ్చాడు. స్టీరింగ్ కింద వైరు గుచ్చి, చేతిలోని మిషను చూసి తల పట్టుకున్నాడు.

"స్టీరింగ్ మోటర్ ఫాల్ట్ కోడ్ చూపిస్తాంది మేడం. గిది ఉన్నట్టుండి బిగుసుకుంటది. మీటర్ల లైటు ఎలగలేదా?"

"ఏ లైటూ వెలగలేదు. వెలిగితే పిల్లని ఎక్కిస్తానా?"

అతను మీటరు ఊడదీసి టార్చి వేశాడు.

"ఎట్ల ఎలుగుతది? బల్బే లేదు. కొన్నోళ్లకు ఫాల్ట్ కనబడొద్దని పీకేసిన్రు."

సుప్రజ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

రాఘవేందర్ చూపు రోడ్డు పక్కన పడున్న మోపెడ్ మీద ఆగింది.

"అరె, గిది గండన్న బండి గద! ఆయనేడి?"

"ఎవరతను?"

"ఓ పాత కార్ల బ్రోకర్ తాన మీటర్ల పని చేసేటోడు మేడం. సేటు చెప్పిండని పోయిన నెల ఓ కారుకు బల్బు పీకిండు. కొన్నోళ్ల ఎంబడి చిన్న పిల్లను చూసినంక నౌకరి ఇడిసిపెట్టిండు. సేటు అడ్రసియ్యకపాయె, గల్లీ గల్లీ గా కారు కోసమే తిరుగుతుండు, పిల్లకేమన్న అయితదేమోనని ఒకటే భయం ఆయనకు."