పెనుకొండాయన గొంతు

“మీ నాయన గొంతు ఎట్లుండేది కుళ్లాయప్పా?”

చెప్పులు విడిచీ విడవకముందే అమృతవల్లి అడిగేసింది. వసారాలో ఆమె కోసం మంచం వాలుస్తున్న కుళ్లాయప్ప బిత్తరపోయి, వెంట వచ్చిన డేవిడ్ వైపు చూశాడు.

“ఏమీ అనుకోవద్దబ్బా. హిందూపురంలో చింతపండు మండీ పెట్టిన భాస్కరయ్య శెట్టి కూతురని చెప్పినానే, ఈమే” అన్నాడు డేవిడ్.

డేవిడ్‌ది ధర్మవరం. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. రెండో ప్రపంచయుద్ధంలో జపానువాళ్లకు చిక్కి తిరిగిరాని తన తాత జాడ వెతకబోయి, ఈ చుట్టుపక్కల నుంచి అట్లా ఖైదీలైన వాళ్లందరి ఇళ్లకూ తిరగడం మొదలుపెట్టాడు. తండ్రి తరఫున ఒక మనిషిని వెతికిపెట్టమని అమృతవల్లి చాలాకాలంగా అతన్ని అడుగుతూనే ఉంది. నిన్న ఫోన్ వచ్చింది. “దొరికినాడమ్మా. పేరు ఓబుళప్ప. మనిషి లేడు గానీ పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కొడుకుండాడు.” ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు. డెబ్బై దాటిన మనిషి, పొద్దున్నే బస్సెక్కి పెనుకొండలో దిగి, డేవిడ్‌ను వెంటబెట్టుకుని ఆటోలో వచ్చేసింది.

భాస్కరయ్య పట్టాళంలో స్టోరు గుమాస్తాగా సింగపూరు వెళ్లి అక్కడే జపానువాళ్లకు చిక్కాడు. న్యూగినీ అడవులకు తోలుకుపోయి చాకిరీ చేయించారు. తిండి లేక ఆయనకు చూపు పోయింది. పనికిరాని ఖైదీకి గంజి కూడా దండగే అన్నట్టు చూసేవాళ్లు. అప్పుడు పక్క చాపమీది మనిషి తన గంజిలో సగం తెచ్చి, మెడ కింద చెయ్యి పెట్టి లేపి తాగించేవాడు. పేరడిగితే, “పెనుకొండ తట్టోడిని. పేరుతో ఏం పని? తాగు సామీ” అనేవాడు. యుద్ధం ముగిశాక ఇద్దర్నీ వేరువేరు ఓడల్లో ఎక్కించారు. మద్రాసు ఆసుపత్రిలో మెల్లగా చూపు తిరిగివచ్చింది గానీ, చూడాలనుకున్న ముఖం మాత్రం అక్కడ లేదు.

“మా నాయన పెనుకొండ సంతకు పోయి కండ్లు మూసుకోని నిలబడేటోడు” అంది అమృతవల్లి. “జనం నవ్వేవాళ్లు. ముఖం తెలీదు గదా, గొంతన్నా చెవిన పడుతుందేమోనని ఆశ. పోయేముందు గూడా అదే మాట. ‘ఆ గొంతు ఇంగ వినలేకపోతి వల్లీ’ అని.”

కుళ్లాయప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“గొర్లు మేపిన గొంతు గదమ్మా. బొంగురు. కొండమింద కేకేస్తే కింద ఊర్లో ఇనపడేది. నవ్వినాడంటే దూలాలు అదిరేవి.”

“బొంగురే! అదే చెప్పేటోడు మా నాయన!” అమృతవల్లి ముందుకు వంగింది. “ఆయప్ప... సుఖంగా ఇల్లు చేరినాడా?”

“చేరినాడు. పెండ్లి చేసుకున్యాడు. మమ్మల్ని సాకినాడు. ముసిలోడై, నిద్రలో పోయినాడు.”

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తనకు సగం పోసి ఆ మనిషి ఆకలితో ఏమైపోయాడో అని భాస్కరయ్య పండగనాడు కూడా కడుపునిండా తినేవాడు కాదు. ఇన్నేళ్ల ఆ దిగులు ఈ వసారాలో తీరింది.

సంచిలోంచి ధర్మవరం పట్టుచీర తీసి, కుళ్లాయప్ప భార్య మారక్కకు బొట్టుపెట్టి చేతికిచ్చింది. వంగి కాళ్లు తాకబోతే మారక్క గబాల్న పట్టుకుంది.

“అయ్యో, పెద్దామెవి! ఏం పనమ్మా ఇది?”

“మీ మామ గంజి పోయకుంటే నేను పుట్టేదాన్నే కాదు తల్లీ.”

పరాయి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగని అమృతవల్లి ఆ రోజు పీట వేయించుకుని కూర్చుంది. మారక్క వేడి వేడి సంగటి, అందులోకి చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వడ్డించింది. ఆమె ముద్ద ముద్దకూ కళ్లు తుడుచుకుంటూ తిన్నది.

“మా నాయనకే ఈ భాగ్యం లేకపాయె” అంది చెయ్యి కడుక్కుంటూ. “ఒక్కసారి ఒకరినొకరు చూసుకోనుంటే...”

కుళ్లాయప్ప భార్య ముఖం చూశాడు. మారక్క, చెప్పమన్నట్టు తలాడించింది.

“చూసుకున్యారమ్మా.”

“ఎవరు?”

“వాళ్లిద్దరూ. మీ నాయన ముఖం, పేరు, ఊరు... అన్నీ మా నాయనకు తెలుసు. ఏటేటా చింతపండు బండికేసుకోని హిందూపురంలో మీ మండీకే తోలేటోడు. మీ నాయనను కండ్లారా చూసుకోని వచ్చేటోడు.”

డేవిడ్ కూడా నోరు తెరిచాడు. ఇది అతనికీ కొత్తే.

“మరి ఎందుకు చెప్పలేదు?”

“మాయమ్మ గూడా అదే అడిగె. ‘చెప్తే శెట్టి నన్ను గద్దెమింద కూకోబెట్టి తాను కింద కూకుంటాడు. నన్ను చూసినప్పుడల్లా ఆ అడివే మతికొస్తాది. కండ్లు కనపడతాండాయి, బిడ్డల్తో బాగుండాడు, సాలు’ అన్యాడు. మమ్మల్నీ చెప్పొద్దన్యాడు. ఇప్పుడిద్దరూ లేరని నోరిప్పినాను.”

అమృతవల్లి నమ్మలేనట్టు తల అడ్డంగా ఊపింది.

“లేదప్పా, యాడో పొరపాటు పడినావు. వెయ్యిమందిలో ఉన్నా మా నాయన ఆ గొంతు పట్టేస్తాడు. ఏటేటా వచ్చే మనిషిని పోల్చుకోలేకపోయినాడంటే ఎట్ల నమ్మేది?”

కుళ్లాయప్ప తల వంచుకున్నాడు.

“మీ మండీలో మా నాయన మూగోడమ్మా.”