తలుపుకి చప్పుడు

"కిర్రుమనాలి మేస్త్రీ. అచ్చం ఇదివరకటిలాగే" అంది పెద్దావిడ.

వడ్రంగి తను విన్నది నిజమేనా అన్నట్టు చూశాడు. తలుపు చప్పుడు చేస్తోందని పిలిచినవాళ్లే గానీ, చెయ్యడం లేదని పిలిచినవాళ్లు ముప్పయ్యేళ్లలో ఒక్కరూ లేరు. అసలు అతన్ని అందరూ పిలిచేదే నూనెచుక్క అని. అతని చెయ్యి పడిందంటే ఎంతటి తలుపైనా నోరు మూసుకోవాల్సిందే.

"అమ్మగారూ, ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడకూడదని కిందటి నెల మీరే కదా పిలిపించారు? పాత బందులు పీకి కొత్తవి వేశాను. కింది అంచు చిత్రిక పట్టాను. ఇప్పుడు మళ్లీ ఇదేం చోద్యం?"

"నా బుద్ధి గడ్డి తిని అన్నాను."

"డబ్బు దండగమ్మా."

"కొత్త తలుపు చేసినంత కూలి ఇస్తాను. చప్పుడు మాత్రం అదే రావాలి. రాకపోతే నా చేతులారా నేనే పోగొట్టినదాన్నవుతాను." అంది ఆవిడ.

నూనెచుక్క ఇక కాదనలేక సంచి దింపాడు. మంచి పనిని చెడగొట్టి కూలి పుచ్చుకోవడమంటే అతనికి తల కొట్టేసినట్టుంది. నయం, పాత బందులు పెరట్లో రేకు డబ్బాలోనే ఉన్నాయి. వాటికి పట్టిన జిడ్డంతా కిరసనాయిలుతో కడిగి, వీధి తలుపుకి బిగించి తోశాడు.

కీచుమంది.

"ఇది ఎలక అరుపు" అన్నాడు కొడుకు. కణతల దగ్గర నెరిసిన మనిషి, పనికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. "మనది కిర్ర్ర్ర్ అని సాగేది."

"సాగే ముందు కుయ్‌మనేది కదండీ" అంటూ కోడలు లోపలి గదిలోంచి జావ గిన్నెతో వచ్చింది. గిన్నె నిండుగానే ఉంది. అత్తగారి దగ్గర ఆగి, "ఇవాళ కూడా రెండు చెంచాలే" అంది మెల్లగా.

లోపల మారాం చేసే చంటివాడెవడో ఉన్నాడు కాబోలనుకున్నాడు నూనెచుక్క.

"చివర్లో టక్కుమనేది. అది మర్చిపోయారా ఇద్దరూ?" అంది పెద్దావిడ.

ఆ తర్వాత ముగ్గురూ మూడు రకాలుగా కిర్రుమని చూపించారు. వీధిలో పోతున్న ఒకాయన ఆగి, వీళ్లకేమైందా అన్నట్టు చూసి మరీ వెళ్లాడు. నూనెచుక్క నవ్వాపుకోవడానికి మేకులు వెతుక్కుంటున్నట్టు సంచిలో తల దూర్చాడు.

"చదువుకునే రోజుల్లో ఇంట్లో చెప్పకుండా రెండో ఆటకి వెళ్లొచ్చేవాణ్ని" అన్నాడు కొడుకు, గడప మీద కూలబడి. "ఎంత భద్రంగా వచ్చినా ఈ తలుపు పట్టించేసేది. నాన్న మంచం మీంచే 'ఎవరది?' అనేవారు. పిడుగు పడ్డా లేవని మనిషి, దీనికి మాత్రం లేచేవారు!"

"కాపరానికొచ్చిన కొత్తల్లో నన్నూ వదల్లేదు" అంది కోడలు. "పాలకోసం తెల్లారకుండానే తలుపు తీస్తే చాలు, 'ఎవరది?' 'నేనే మామయ్యగారూ' అంటే, 'నువ్వామ్మా' అని అటు తిరిగి పడుకునేవారు."

"నూనె వేయిద్దామంటే ససేమిరా అనేవారు" అంది పెద్దావిడ. "'మనవాళ్లంతా ఇల్లు చేరారో లేదో నాకు తెలియొద్దటే' అనేవారు."

నూనెచుక్క చెయ్యి ఆగింది. అతని తండ్రీ వడ్రంగే. చిన్నప్పుడు పొద్దున్నే ఆయన చిత్రిక పడుతుంటే, ఆ చప్పుడుకే తను లేచేవాడు. ఆయన పోయాక చాలా రోజులు ఎంత పొద్దెక్కినా మెలకువ వచ్చేది కాదు. ఆ చప్పుడు మళ్లీ ఒక్కసారి వినిపిస్తామంటే తనైనా ఎంతైనా ఇచ్చేవాడే. పొద్దుటినుంచీ దండగ పని అని లోలోపల సణుక్కున్నందుకు సిగ్గేసింది.

"బాధపడకండమ్మా. ఎవరికైనా తప్పేది కాదు కదా" అన్నాడు.

పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇక అతను పట్టుదలగా దిగాడు. కింది బందు మరలు వదులు చేసి తలుపు కాస్త వాలేట్టు చేశాడు. చిత్రిక పట్టిన చోట పలచని చెక్క అతికి, గడపకి రాసుకునేట్టు చూశాడు. చప్పుడైతే వచ్చింది. కొడుకు తోసి చూసిన ప్రతిసారీ ముగ్గురూ కాదన్నట్టు తలలూపారు. పొద్దు వాలుతోంది. పెద్దావిడ మొహంలో ఆశ సన్నగిల్లడం చూస్తుంటే అతనికి సంచి సర్దుకోబుద్ధి కాలేదు.

ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు.

"బాబుగారూ, పొద్దుటినుంచీ ఇంటి యజమానిలా తోస్తున్నారు. ఆ రోజుల్లో అలాగే తోసేవారా?"

కొడుకు ఒక్క క్షణం తెల్లబోయి, నవ్వాడు. వీధిలోకి వెళ్లి చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి, ఊపిరి బిగబట్టి, రెండు వేళ్లతో దొంగలా తోశాడు.

కుయ్... కిర్ర్ర్ర్... టక్.

ముగ్గురు చెప్పిందీ నిజమే. పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంత కష్టపడి చప్పుడు తెస్తే, ఒక్కరైనా తలుపు వంక చూడరేమిటా అనుకున్నాడు నూనెచుక్క. అందరి చూపులూ లోపలి గది మీదే ఉన్నాయి. అతనూ అటు తిరిగాడు.

నెల రోజులుగా ఉలుకూ పలుకూ లేని పెద్దాయన మంచం మీద కళ్లు తెరిచాడు.