తలుపుకి ఒకటే మేకు

“పద్ధతి తప్పదని మీరే అంటున్నారు. నేనూ తప్పలేదు. మరి తప్పిందెవరో దాన్నే అడగండి,” అన్నాడు బస్సు డ్రైవరు.

చర్చి వెనక గది అది. మాత్రలూ ఆపరేషన్లూ లేకుండా కాన్పుల మధ్య ఎడం ఎలా ఉంచుకోవాలో ఆలుమగలకి నేర్పేది అక్కడే. నేర్పే టీచరమ్మ రిటైరైన నర్సు. ఆవిడకి ఎదురుగా డ్రైవరు, అతని పెళ్ళాం, ఆమె అన్న. అన్నంటే ఉత్త అన్న కాదు, డ్రైవరు పనిచేసే డిపోకి ఇన్‌స్పెక్టరు కూడా. డ్రైవరు డ్యూటీ మధ్యలో యూనిఫారంలోనే వచ్చాడు. వస్తూనే బస్సు తాళాలు బల్ల మీద పడేశాడు, తీర్పు చెప్పేది తనే అయినట్టు.

“నోరు పారేసుకోకు బావా. కడుపుతో ఉన్న మనిషి,” అన్నాడు అన్న.

“ఆ కడుపు సంగతేగా మాట్లాడేది.”

టీచరమ్మ మొహం చిట్లించింది. ఆ కాపురం ఏమైపోతుందోనన్న దిగులు కన్నా తన పద్ధతికి మచ్చ వచ్చిందన్న మంటే ఆవిడకి ఎక్కువగా ఉంది. “ఒళ్ళు చెప్పే గుర్తులు సరిగ్గా చూసుకుంటున్నావా నువ్వు?” అని ఆమె మీద పడింది.

“చూసుకుంటూనే ఉన్నానండీ.”

“చూసుకుని నీలోనే దాచుకుంటున్నావా, ఆయనకి చెప్తున్నావా?”

“రెండు గదుల ఇల్లు. గోడవతల అత్తగారు. నోటితో ఏం చెప్తాను? మీరు చెప్పినట్టే గది తలుపుకి తువ్వాలు వేస్తున్నా. బిడ్డ నిలిచే రోజులైతే ఎర్రది. కాకపోతే ఆకుపచ్చది.”

“అదీ మాట,” డ్రైవరు బల్ల మీద చరిచాడు. “పచ్చది వేసింది. పచ్చది చూసే లోపలికెళ్ళాను. పచ్చది ఉన్నప్పుడు కడుపు రాదని ఈవిడే మాకు పాఠం చెప్పింది. వచ్చిందంటే అది నా వల్ల వచ్చింది కాదు.”

అన్న కుర్చీ వెనక్కి తోశాడు. టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఎర్రదే వేశాను,” అందామె తల దించుకునే. “ఎర్రది చూసి కూడా వచ్చారంటే బిడ్డ కావాలని అర్థం అని మీరే కదండీ చెప్పారు. ఇంకొకరు కావాలనిపించిందేమో ఈయనకి అనుకున్నా. పిచ్చిదాన్ని, సంతోషపడ్డా కూడా.”

“విన్నారా? ఎంత బాగా అల్లిందో.”

“ఇన్నేళ్ళు తప్పనిది ఇప్పుడెందుకు తప్పింది?” అంది టీచరమ్మ. “ఏం మారింది మీ ఇంట్లో?”

“ఇల్లే మారిందండీ.”

“మనిషి మారింది,” అన్నాడు డ్రైవరు.

ఆమె ఆ మాట మింగింది. “పాత ఇంటి తలుపుకి రెండు మేకులుండేవి. ఎర్రదైతే ఎడమ మేకుకి, పచ్చదైతే కుడి మేకుకి వేసేదాన్ని. ఈ ఇంటి తలుపుకి ఒకటే మేకు.”

“అయితే మేకు చేసిందా కడుపు?” తన మాటకి తనే నవ్వుకున్నాడు డ్రైవరు. “ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.”

“పనిమీంచి అలిసిపోయి వచ్చుంటావు బావా. ఒకటి చూసి ఒకటి అనుకున్నావేమో,” అన్నాడు అన్న, కోపం అణుచుకుంటూ.

“నేనా? నీ డిపోలోనే కదా బండి తోలుతున్నా. ఒక్కసారి ఎర్ర సిగ్నలు దాటానా? నువ్వే చెప్పు.”

అన్నకి తెలుసు. దాటలేదు మరి. మంచి డ్రైవర్ల పేర్లు రాసే బోర్డు మీద అందరికన్నా పైన అతని పేరు రాసింది తనే.

“చెప్పలేవు. అందుకని నీ చెల్లెల్ని నీ ఇంటికి తీసుకుపో. ఇవాళే. సాక్ష్యం కావాలంటే చర్చిలో బలిపీఠం ముందు నిలబడి దేవుడి మీద ఒట్టేస్తా.”

“దేవుణ్ణెందుకులే, వీటిని చూసి చెప్పు,” అందామె. ఇన్నాళ్ళూ మీరు అన్న మనిషి ఆ ఒక్క మాటతో నువ్వు అనేసింది. సంచిలోంచి రెండు తువ్వాళ్ళూ తీసి అతని ముందు పడేసింది. ఒకే కొట్లో కొన్న జత. ఒకే కొలత, ఒకే నేత. “ఆ రోజు తలుపు మీద ఏది ఉందో తియ్యి.”

డ్రైవరు రెండింటినీ తిరగేశాడు. అంచు పీకిపోయినదాన్ని సర్రున లాగి అందరికీ కనబడేలా పైకెత్తాడు.

“ఇదే. దారాలు వేలాడుతున్నాయి చూడండి, నా మొహానికి తగిలితే చేత్తో పక్కకి తోసి మరీ లోపలికెళ్ళా. ఇప్పుడు అడగండి దాన్ని. ఇంత పచ్చగా కనబడుతుంటే ఎర్రదని ఎలా బొంకిందో అడగండి.”

టీచరమ్మ కళ్ళజోడు తీసి, పమిటతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

“అది ఎర్రదయ్యా,” అంది.

డ్రైవరు చేతిలోదాన్ని చూశాడు. బల్ల మీదిదాన్ని చూశాడు. మళ్ళీ చేతిలోదాన్ని చూశాడు.

“ఎవరి బిడ్డో తెలిసిందా ఇప్పుడు?” అంటూ ఆమె పచ్చ తువ్వాలు ఒక్కటే మడిచి సంచిలో పెట్టుకుంది.

అన్న లేచాడు. చెల్లెలి వైపు తిరగలేదు, బావని కొట్టలేదు. బల్ల మీది బస్సు తాళాలు తీసి తన జేబులో వేసుకున్నాడు.

“అదేంటి బావా,” అన్నాడు డ్రైవరు, వచ్చినప్పటి నుంచీ లేని మెత్తదనంతో. “సిగ్నల్లో అయితే పచ్చది ఎప్పుడూ కిందే ఉంటుంది కదా.”