థీటా తాళం

"తెరుచుకుంది!"

అతను కుర్చీలోంచి ఎగిరాడు. మోకాలు ఠపీమని బల్లకు కొట్టుకుంది. అయినా నవ్వుతూనే ఉన్నాడు.

బల్ల మీద అరచేతిలో పట్టేంత చెక్కపెట్టె ఉంది. దానికి గోరంత చిప్, గుండీ బ్యాటరీ. కార్డు ఆనిస్తే ఆ చిప్, కార్డులోని రహస్య సంఖ్యతో ఎలిప్టిక్ కర్వులనే వంపుగీతల లెక్కొకటి చేసి, సరిపోతే తాళం తీస్తుంది. మామూలు పద్ధతిలో ఆ లెక్క తేలేసరికి టీ చల్లారిపోయేది. అతను దాన్నే థీటా ఫంక్షన్లనే మరో రకం సూత్రాలతో తిరగరాశాడు. ఇప్పుడు రెప్పపాటులో తేలిపోతోంది. ఆ తాళాల కంపెనీలో అతని అసలు పేరు అందరూ మరిచిపోయి చాలా కాలమైంది. 'థీటా' అనే పిలుస్తారు.

"ఏం మాయ చేశావ్?" అంది పక్క సీటమ్మాయి. కంపెనీలో తయారైన ప్రతి తాళాన్నీ తీసి చూడటమే ఆమె ఉద్యోగం.

"మోసే బరువు తగ్గించానంతే. కర్వు మీద ఒక బిందువూ, దాని మైనస్ బిందువూ థీటాకి ఒకటే. ప్లస్సయినా మైనస్సయినా ఆ గుర్తుని మింగేస్తుంది. అందుకే ఈ పరుగు!"

"అచ్చం నీలాగే. ఎదుటివాళ్ళు కసిరినా, ముద్దుగా పిలిచినా నీకూ ఒకటేగా!"

అతనికి అదీ పొగడ్తలాగే వినిపించింది. పరీక్షించడానికి కార్డొకటి ఆమె చేతికిచ్చి, మెట్ల దగ్గరికి పరుగెత్తి అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, మా పక్క సీటమ్మాయికి ఇక్కడ ఇదే ఆఖరి రోజు. రేపట్నుంచి వేరే ఊరి ఆఫీసు. సాయంత్రం పెట్టె చేతికిస్తా. తెరిస్తే లోపల ఉంగరం!"

"ఏడ్చావులే! పెళ్ళి చేసుకుంటావా అని నోటితో అడగలేవట్రా?"

"అడగబోతే నాలుక పిడచకట్టుకుపోతోందే. ఇవాళ కాకపోతే ఇక ఎప్పటికీ అడగలేను."

"మరి నువ్వు ఇవ్వకముందే తెరిచేస్తే? తాళాలు తియ్యడమే ఆ పిల్ల పనన్నావుగా!"

"అంత పిచ్చోణ్ణా? తాళం మార్చేస్తా. రహస్య సంఖ్యకి ముందు మైనస్ పెట్టి కొత్త కార్డు చేస్తే సరి. తన దగ్గరున్నది ఇక ఉత్త అట్టముక్క."

అన్నట్టే చేశాడు. ఉంగరం పెట్టి, మూత వేసి, పెట్టెను సొరుగులో దాచాడు. ఈల వేసుకుంటూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం అతను భోంచేసి వచ్చేసరికి ఆమె ధోరణే మారిపోయింది. పనుందంటూ ఓసారి బజారుకెళ్ళొచ్చింది. ఊరికే నవ్వుతోంది. కిసుక్కుమని, కారణం లేకుండా. "టీ తెచ్చిపెట్టవూ?" అంటుంది. తెస్తే, "బిస్కెట్లేవీ?" అంటుంది. అతని ఈల ఆగిపోయింది. వెళ్ళిపోతున్నందుకు ఇంత సంబరమా!

"మమ్మల్నందర్నీ వదిలి వెళ్తుంటే కాస్తయినా బాధగా లేదా?" అని అడిగేశాడు.

"ఊహూఁ!" అని మళ్ళీ నవ్వింది.

ఇక లాభం లేదనుకున్నాడు. అయినా అందరూ వెళ్ళాక సొరుగులోంచి పెట్టె తీసి ఆమె ముందు పెట్టాడు. కంగారులో కొత్త కార్డు జారి బీరువా కిందికి పోయింది. మోకాళ్ళ మీద కూలబడి, స్కేలుతో వెతకసాగాడు.

"ఒక్క క్షణం... వస్తోంది... అబ్బా, అందదేమిటిది!"

"లేవకు. అలాగే ఉండు, బాగున్నావ్!" అంటూ ఆమె తన పాత కార్డునే పెట్టెకు ఆనించింది.

టక్కుమని తాళం ఊడింది.

"అదెలా? నేను మైనస్ పెట్టానుగా!"

"గుర్తుని మింగేస్తుందని చెప్పిందెవరు, మహానుభావా?"

అతను స్కేలుతోనే నుదురు కొట్టుకున్నాడు. ముఖం కందగడ్డయింది.

"అంటే... పొద్దున్నుంచీ అది నీకు తెరుచుకుంటూనే ఉందా?"

"మాటలు తర్వాత. ముందు లోపల చూడు," అంటూ ఆమె మూత ఎత్తింది.

ఉంగరాలు రెండున్నాయి.