ఇంటికి రాకూడని బట్టలు

గాజు ఫ్యాక్టరీలో ఆర్సెనిక్ పొడిని తూచి కొలిమికి పంపడం ఆమె పని. ఆ పొడికి వాసన ఉండదు, చూడ్డానికి మైదాపిండిలా ఉంటుంది. చేతికంటుకుని నోట్లోకి పోయిందా, ప్రాణం మీదికొస్తుంది. అందుకే షిఫ్టు దిగగానే మాస్కు, గ్లౌజులు, నీలం యూనిఫాం అక్కడి డబ్బాలో వేసి, తలారా స్నానం చేస్తే గానీ ఆమె గేటు దాటదు. ఆ రాత్రీ అలాగే చేసింది.

ఇంటికొచ్చేసరికి భర్త బకెట్ ముందు కూర్చుని నీలం యూనిఫాం ఉతుకుతున్నాడు. జేబు మీద ఆమె నంబరే ఉంది. నీళ్ళ మీద తెల్లటి తెట్టు తేలుతోంది.

ఆమె గుమ్మంలోంచే అరిచింది. "వదిలెయ్! ముందు చేతులు కడుక్కో. ఇవి ఇంటికెవరు తెచ్చారు?"

"భలేదానివే! అరగంట క్రితం నువ్వేగా నా చేతిలో పెట్టి స్నానానికి పోయావు" అన్నాడతను నవ్వుతూ. ఆమె భుజానున్న సంచి, కాళ్ళకున్న చెప్పులు చూశాక అతని నవ్వు ఆగిపోయింది. "మరి... ఇప్పుడు బయటినుంచి వస్తున్నావేంటి?"

స్నానాలగదిలో నీళ్ళు పడుతున్న చప్పుడు. తలుపు కింద వెలుగు.

"పాపేది?" అందామె.

"దానికీ నీళ్ళు పోస్తానని... నువ్వే ఎత్తుకెళ్ళావు."

ఆమె ఒక్క పరుగున వెళ్ళి తలుపు పిడి పట్టుకుంది. పొడిపొడిగా ఏదో తగిలింది. చూస్తే అరచేతినిండా తెలుపు.

లోపల నీళ్ళు ఆగాయి.

"ఏదీ, నోరు తెరువు బంగారం" అంటోంది లోపలినుంచి ఆమె గొంతే. "ఆ... అను."